ట్యాగు కట్టినవాడు

మా మరదలు గుడ్డసంచీలోంచి ఆ చిన్న నల్లడబ్బాను తీసి భోజనాల బల్ల మీద పెట్టినప్పుడు, నా చూపు ముందు పడింది డబ్బా మీద కాదు, రాగితీగతో దానికి కట్టి ఉన్న ఎర్ర అట్టముక్క మీద. ‘పని జరుగుతోంది, ముట్టరాదు’ అని అట్ట మీద హిందీలో అచ్చు అక్షరాలు. కింద సంతకం. సంతకం చేసిన మనిషికి పన్నెండో రోజు జరిపించి అప్పటికి వారమైంది.

“ఇది మీ సొమ్మే వదినా,” అంది. “ఆయన బల్ల మీద ఉండిపోయింది. మా అబ్బాయి విప్పబోతే నేనే వద్దన్నాను. ట్యాగు ఉంది కదా.”

ట్యాగు ఉంది. అందుకని నేనూ విప్పలేదు. టీవీ పక్కన అరలో, ఎర్ర అట్ట బయటికి కనిపించేలా పెట్టాను.

మరదలు అన్నానే గాని మాకు చుట్టరికమేమీ లేదు. వాళ్లది పార్వతీపురం దగ్గర, మాది విజయనగరం. ఉక్కు కర్మాగారం ఉద్యోగాలని భిలాయి వచ్చినవాళ్లం. కర్మాగారం టౌన్‌షిప్పు సెక్టారులో పక్కపక్క క్వార్టర్లలో ఉన్నాం, రిటైరయ్యాక కోహ్కాలో ఎదురెదురుగా ఇళ్లు కట్టుకున్నాం. క్వార్టరులో దిగిన మొదటిరోజే సుత్తి అరువడగడానికి వచ్చి ఆ ట్యాగు కట్టినవాడు, ఆమె భర్త, నన్ను మా వైపు అక్కని పిలిచినట్టు ‘అప్పా’ అన్నాడు, మావారిని ‘బావా’ అన్నాడు. ఆ వరస ఇక మారలేదు. అతను ఎలక్ట్రికల్ ఇంజనీరు, మావారు మెకానికల్ ఫోర్‌మన్. ఇద్దరిదీ ఒకే మిల్లు. అక్కడ హోదాలో అతను పైన. గుమ్మం దాటి మా ఇంట్లోకి వస్తే మావారు పైన.

అతని పేరు రాయను. రాసినా మా వీధిలో చాలామందికి తెలియదు. ‘ట్యాగ్‌వాలే అంకుల్’ అంటేనే ఇల్లు చూపిస్తారు.

మిల్లులో ఒక నియమం ఉంది. మరమ్మతుకని ఏ యంత్రాన్ని ముట్టుకోవాలన్నా ముందు కరెంటు ఆపాలి. ఆపిన స్విచ్చుకి పని చేసేవాడు తన సంతకంతో ఎర్ర ట్యాగు కట్టాలి. పని అయ్యాక, కట్టినవాడే వచ్చి విప్పాలి. పక్కవాడు విప్పకూడదు. పై అధికారి వచ్చి కేకలేసినా సరే విప్పకూడదు. ఎందుకంటే కట్టినవాడు ఇంకా ఆ యంత్రం లోపలే ఉండవచ్చు.

ఉద్యోగం అయిపోయినా అతనికి ఈ నియమం అయిపోలేదు. ఎర్ర అట్టల కట్ట ఒకటి ఎప్పుడూ అతని స్కూటరు డిక్కీలో ఉండేది. మిల్లు నుంచి తెచ్చుకున్నవేమోనని నేను ఒకసారి నిలదీశాను. నొచ్చుకున్నాడు. “పవర్ హౌస్ బజార్లో అచ్చేయించుకున్నానప్పా. రసీదు చూపించమంటారేటి?” అన్నాడు. చూపించమన్నాను. మర్నాడు తెచ్చి చూపించాడు.

నేను లెక్కల టీచరుగా పనిచేశాను. తేదీ లేని వస్తువు నా ఇంట్లో ఉండదు. గ్యాసుబండ మీద పెట్టిన తేదీ, పచ్చడి జాడీ మీద కలిపిన తేదీ, బల్బు మెడ మీద బిగించిన తేదీ. స్టూలెక్కి బల్బు మార్చేటప్పుడల్లా అతను కిందికి చూసి, “అప్పా, దీని పుట్టినరోజు రాసేరు బాగుంది, నక్షత్రం ఎక్కడ?” అనేవాడు. అతనికి తేదీలు నిలిచేవి కావు. పెళ్లిరోజు కూడా భార్య గుర్తుచేస్తేనే. కాని ఏ పని తరవాత ఏ పని చేయాలన్నది మాత్రం అతను తప్పగా నేను చూడలేదు. “తేదీ మీది, వరస నాది” అనేవాడు.

ఆ వరస ఇది: ముందు కరెంటు, తరవాత తీగ, తరవాత పెట్టె, ఆఖర్న లోపలివాడు. ఏ వస్తువు మొరాయించినా ఈ నాలుగు మెట్లే. మనలాంటివాళ్లం నేరుగా నాలుగోమెట్టు ఎక్కి ‘పాడైపోయింది’ అనేస్తామని అతనికి కోపం. అతని నోట ‘పాడైంది’ అనే మాట నేను వినలేదు. ‘అలిగింది’ అనేవాడు. “అలిగినవాళ్లని కొడతారేటి? ఎక్కడ నొప్పెట్టిందో కనుక్కుంటారు గాని.” కనుక్కోవడానికి అతని దగ్గర ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు ఉండేది. మొనను యంత్రానికి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి, కళ్లు మూసుకొని వినేవాడు. ఫ్రిజ్, కుట్టుమిషను, నీళ్ల మోటారు, అన్నిటికీ అదే. అప్పుడు ఎవరైనా మాట్లాడితే చెయ్యెత్తి ఆపేవాడు. ఆ కాసేపు ఇల్లంతా ఊపిరి బిగబట్టేది.

మరదలు ఇవన్నీ భరించింది గాని, కేక భరించలేకపోయేది. మరమ్మతు అయ్యాక ట్యాగు విప్పి, స్విచ్చు వేసే ముందు, “కోయీ హై?” అని అరిచేవాడు. లోపల ఎవరైనా ఉన్నారా అని. మిల్లులో అదొక అలవాటు. లోపల మనిషి ఉంటే ‘హై!’ అని జవాబివ్వాలి. జవాబు వస్తే కరెంటు ఇవ్వకూడదు. మిల్లులో యంత్రాలు ఇళ్లంతేసి ఉంటాయి, మనిషి దూరి పనిచేస్తాడు కాబట్టి సరే. అతను మిక్సీ ముందు నిలబడి కూడా అరిచేవాడు.

“లోపల మినప్పప్పుంది. మనుసులెవులూ నేరు. వేసీండి మహాప్రభో!” అనేది మరదలు వంటింట్లోంచి.

“నువ్వు జవాబు చెప్పకూడదే. లోపలివాడు చెప్పాలి.”

“మినప్పప్పు చెప్పాలేటి?”

అతను నవ్వేవాడు కాదు. కేక వేశాక కొంచెంసేపు ఆగేవాడు. ఆ తరవాతే స్విచ్చు. ఎంతసేపు ఆగాలని నేను అడిగాను, నాకు అలాంటివి తెలియాలి కనక. ఇన్ని సెకన్లని చెబుతాడనుకున్నాను. “సెకన్లు కావప్పా. లోపలివాడు చేతిలోది కింద పెట్టి, తలెత్తి, గొంతు సర్దుకునేంత” అన్నాడు. అదేం కొలతని దెప్పాను. “కేక ఎవులైనా వేస్తారు. ఆగడమే పని” అన్నాడు.

ఈ ట్యాగు మూలంగా, క్వార్టరులో ఉన్న రోజుల్లోనే, మేం ఒక మే నెల సెలవురోజు మధ్యాహ్నమంతా ఉడికిపోయాం. భిలాయి ఎండలో కూలరు లేనిదే ఇంట్లో కూచోలేం. మా కూలరు పంపు నీళ్లు ఎక్కించడం మానేసింది. అతను వచ్చి ప్లగ్గు పీకి, దానికి ట్యాగు కట్టి, కొత్త పంపు తెస్తానని పవర్ హౌస్ వెళ్లాడు. వెళ్లినవాడు రాలేదు. చూస్తే, ఊడిన తీగ ఒకటి పంపు పక్కనే కనిపిస్తోంది. దాన్ని కలపడం మావారికి చిటికెలో పని. స్క్రూడ్రైవరు కూడా చేతిలోనే ఉంది.

“కలిపేయండి,” అన్నాను.

“ట్యాగు నాది కాదే.”

“ఇల్లు మీది. కూలరు మీది. ఆ బామ్మర్ది కూడా మీవాడే.”

“అన్నీ నావే. ట్యాగు నాది కాదు,” అని మావారు చొక్కా విప్పి, పేపరుతో విసురుకుంటూ కూచున్నారు. మరదలు చూడ్డానికి వచ్చి, వీళ్లిద్దర్నీ ఒకే పిచ్చాసుపత్రిలో వెయ్యాలని తీర్మానించింది. అతను సాయంత్రానికి వచ్చాడు. స్టేషను దగ్గర పాత స్నేహితుడు ఎవరో కనిపించి టీకి కూచోబెట్టాడట. విసిగిపోయిన నేను అడిగాను: “నువ్వు ఊళ్లోనే లేవనుకో. అప్పుడేం చెయ్యాలి? ఎండాకాలమంతా ఇలా కూచోవాలా?”

“దానికీ ఉందప్పా నియమం,” అన్నాడు చెమట తుడుచుకుంటూ. “కట్టినవాడు రాలేడని రూఢి అయితే ఇద్దరు మనుషులుండాలి. ఒకరు విప్పాలి, రెండోవాళ్లు సాక్షి. ఒక్కరు మాత్రం విప్పకూడదు. విప్పేక కేక వెయ్యాలి. మరి ఆగాలి.”

“ఓహో, మరి ముందే చెప్పొచ్చు కదూ?”

“నేను ఊళ్లోనే ఉన్నాను కదేటి?”

మావారు ఆ మధ్యాహ్నం ట్యాగు ఎందుకు ముట్టుకోలేదో నాకు చాలా కాలం తరవాత అర్థమైంది. రిటైరైన రోజు రాత్రి భోజనాల దగ్గర ఆయనే చెప్పారు. ఎన్నో ఏళ్ల కిందట మిల్లు ఆపి మరమ్మతు చేస్తున్నారు. పని అయిపోయింది. అందరి ట్యాగులూ విప్పేశారు. మావారిది కూడా ఆయనే విప్పేశారు. ఆ తరవాత లోపల స్పానరు మరిచిపోయానని గుర్తొచ్చి, ఎవరికీ చెప్పకుండా మళ్లీ దూరారు. పైనుంచి ఫోన్లు, ఎందుకింకా నడపలేదని. కాగితాల మీద అంతా సవ్యం. అయినా అతను స్విచ్చుగది దిగి, యంత్రం దాకా నడిచి వచ్చి “కోయీ హై?” అని అరిచాడు. జవాబు లేదు. పక్కవాళ్లు చాలు పదమన్నారు. అతను ఆగాడు. మావారికి కేక వినపడింది గాని, బోల్టు నోట్లో పెట్టుకొని ఉన్నారు. బోల్టు తీసి, తలెత్తి, “హై!” అన్నారు.

అంతే జరిగింది. ఇది చెప్పేటప్పుడు అతను మా బల్ల దగ్గరే ఉన్నాడు, తల వంచుకొని చారన్నం తింటున్నాడు. తేదీ ఎప్పుడని అడిగాను. ఇద్దరూ మాట మార్చారు. మా సంసారంలో నా దగ్గర లేని తేదీ అదొక్కటే.

మావారికి పక్షవాతం వచ్చింది పోయిన ఏడాది. కుడిచెయ్యి, కుడికాలు మెల్లగా కొంత దారికొచ్చాయి. మాట రాలేదు. మనం అన్నది తెలుస్తుంది. కళ్లలో కనిపిస్తుంది. నోరు తెరుస్తారు, మాట బయటికి రాదు, మళ్లీ మూసుకుంటారు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆయన ముందే నన్ను అడిగేవాళ్లు, అన్నం తింటున్నారా, నిద్ర పడుతోందా అని. ఆయన అక్కడ లేనట్టే. కొందరు గట్టిగా అరిచి మాట్లాడేవాళ్లు. కొందరు ఆయన నోరు తెరవగానే తామే వాక్యం పూర్తిచేసేవాళ్లు.

అతను రోజూ సాయంత్రం వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకొనేవాడు. మామూలు గొంతుతో అడిగేవాడు. “బావా, ఇయాళ హథ్‌ఖోజ్ వెళ్లేను. మన పాత చార్జ్‌మన్ లేడూ, అక్కడ చిన్న వర్క్‌షాపు పెట్టేడు. లేతు ఎక్కడ కొన్నాడో చెప్పుకో.” అని ఆగేవాడు. నిజంగా ఆగేవాడు. మావారు ఆలోచించి, నోరు కదిపి, విసిగి, వదిలేసేంతవరకూ. ఆ తరవాతే, “అలగ కాదు బావా, రాయపూర్‌లో” అని ఎత్తుకొనేవాడు. వాళ్లిద్దరూ పోట్లాడుకుంటున్నారని పక్కగదిలోంచి వింటే అనిపించేది. ఒక గొంతే ఉండేది, రెండో గొంతుకి చోటు వదిలి ఉండేది. మొత్తం వీధిలో మావారితో మాట్లాడినవాడు అతనొక్కడే. మిగిలినవాళ్లం ఆయన గురించి మాట్లాడాం.

మాట నేర్పడానికి ఒక అమ్మాయి వస్తుంది. ఆమె ఒకరోజు చెప్పింది, కొత్తగా అల్లుకోవలసిన మాట ముందు రాదని, ఏళ్ల తరబడి అలవాటుగా నోట నడిచిన మాటలు, పాటలు, లెక్కపెట్టడం, పిలిస్తే పలకడం, ఇలాంటివి ఒక్కోసారి ముందు తిరిగొస్తాయని. బాబూజీ ఏమైనా పాడేవారా అని అడిగింది.

పాడేవారా! సెక్టారు తెలుగువాళ్ల నాటకాల్లో మావారు కిరీటం పెట్టుకొని పద్యం ఎత్తుకుంటే చివరి వరస కుర్చీలవాళ్లు లేచి నిలబడేవాళ్లు. ‘వన్స్ మోర్’ అంటే ఇంకోసారి, అడక్కపోయినా ఇంకోసారి. ఆ పద్యాలన్నీ వేదిక కింద కూచొని టేపురికార్డరులో పట్టింది అతనే. రిటైరయ్యాక క్యాసెట్లన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించి, ఒక హార్డ్‌డిస్కులో వేసి, మావారి షష్టిపూర్తికి ఇచ్చాడు. నల్లడబ్బా అదే. బీరువాలో పట్టుబట్టల కింద ఉంది. మీద తేదీ ఉంది, నా చేతిరాతతో.

తీసి నా లాప్‌టాప్‌కి పెట్టాను. ఏమీ కాలేదు. కొత్త వస్తువు తగిలినప్పుడు వచ్చే టింగుమనే చప్పుడు లేదు, తెరమీద బొమ్మ లేదు. తీసి మళ్లీ పెట్టాను. అటువైపు రంధ్రంలో పెట్టాను. లాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టడమే లేదు. కేకేశాను. అతను వీధి దాటి వచ్చాడు, జేబులో స్క్రూడ్రైవరుతో.

“పాడైపోయిందయ్యా,” అన్నాను.

“మెట్లు దూకీకండప్పా,” అన్నాడు.

ముందు కరెంటు. డబ్బా మీద దీపం ఒకసారి వెలిగి ఆరిపోతోంది. స్క్రూడ్రైవరు ఆనించి కళ్లు మూసుకున్నాడు. “తిరగాలని లేస్తోంది. ఓపిక చాలక మళ్లీ కూచుంటోంది.” తరవాత తీగ. నా తీగను అటూ ఇటూ వంచి చూసి పక్కన పడేశాడు. ఇంటికెళ్లి ఒకవైపు రెండు తలలున్న తీగ తెచ్చాడు. లాప్‌టాప్‌లో రెండుచోట్ల గుచ్చితే రెట్టింపు బలం అందుతుందట. ఈసారి దీపం నిలబడింది. లోపల సన్నగా తిరుగుతున్న చప్పుడు నాకే వినిపించింది. అతను నాకు ఎన్నడూ తెలియని ఒక పట్టిక తెరిచాడు. లాప్‌టాప్‌కి తగిలిన డిస్కులన్నీ అందులో కనిపిస్తాయట. మాది ఉంది, పేరూ అక్షరమూ లేకుండా. అంతలో తెరమీద ఒక గడి లేచింది. ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని.

అతను అరచెయ్యి మొత్తం కీబోర్డు మీద పరిచేశాడు.

“ముట్టుకోకండి!”

“నేను ముట్టుకోలేదయ్యా.”

“ఇది అడిగింది కదా అని ఊఁ అనకూడదప్పా. దీనికి చదవడం రాలేదు. రాలేదని ఒప్పుకోకుండా, పలక తుడిచీండి మళ్లీ రాసుకుందాం అంటోంది.”

అలాంటి పిల్లలు నాకు తెలుసు. వద్దు అన్న గడి నొక్కాడు. తన లాప్‌టాప్ తెచ్చి పెట్టి చూశాడు. అక్కడా అదే గడి లేచింది. అయితే మన లాప్‌టాపుల తప్పు కాదన్నాడు. కరెంటు అయింది, తీగ అయింది. ఇక పెట్టె. నల్లడబ్బాలో ఒక చిన్న పలక ఉంటుంది, అసలు డిస్కుకీ లాప్‌టాప్‌కీ నడుమ దుబాసీలాంటిది. దానికి మతి చెడి ఉండొచ్చు. పవర్ హౌస్‌లో ఖాళీ పెట్టె దొరుకుతుంది, లోపలివాణ్ని తీసి అందులోకి మార్చి చూస్తానన్నాడు. డబ్బాను బల్ల మీద పెట్టబోయి మళ్లీ చేతిలోకే తీసుకున్నాడు.

“ఏమయ్యా?”

అతను లోపలి గది తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. “టేపు పట్టింది నేనే. ఇందులోకి ఎక్కించింది నేనే. క్యాసెట్లకి బూజు పట్టిందని పారీసింది కూడా నేనే. ఒక్కటే నకలుంచినవాడు ఇంజనీరేటప్పా? బావ గొంతు లోకం మొత్తం మీద ఇందులోనే ఉంది.”

అతను జేబులోంచి ఎర్ర అట్ట తీసి, సంతకం పెట్టి, రాగితీగతో డబ్బాకి బిగించాడు. ఎవరూ పొరపాటున లాప్‌టాప్‌కి పెట్టి ఊఁ అనకుండా. అట్ట మీద తేదీకి రెండు గళ్లుంటాయి, పని మొదలుపెట్టింది, ముగించింది. అతను ఎప్పుడూ రెండూ ఖాళీగా వదిలేసేవాడు.

“తేదీ వెయ్యి,” అన్నాను.

“ఎంతేటి ఇయాళ?” అన్నాడు. చెప్పాను. మొదటి గడిలో వేశాడు.

తరవాత రెండురోజులకు ఫోను చేశాడు. “పెట్టె దొరికింది. మార్చేను. లోపలివాడు బాగానే ఉన్నట్టున్నాడప్పా, చెవికి సాఫీగానే వినిపిస్తోంది. రేపు నెమ్మదిగా లాప్‌టాప్‌కి పెట్టి చూస్తాను. బావతో ఇప్పుడే అనకండి.” ఆ రేపటి మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నాడు. మరదలు టీ పెట్టుకొని లేపబోయింది. లేవలేదు.

మావారిని చక్రాలకుర్చీలో వీధి దాటించి తీసుకెళ్లాను. అతని పక్కన చాలాసేపు కూచున్నారు. నోరు తెరిచారు. ఏమీ రాలేదు. ఈసారి ఆగి వినేవాడు కూడా లేడు. ఆ తరవాత మావారు నోరు తెరవడం కూడా మానేశారు. మాట నేర్పే అమ్మాయి అద్దం పట్టుకొని ఎంత బతిమాలినా మొహం గోడవైపు తిప్పుకొనేవారు. ఆమె వెళ్తూ వెళ్తూ గుమ్మంలో అడిగేది, “ఆ పాటలు దొరికాయా ఆంటీ?” అని. దొరికాయనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను. అవి టీవీ పక్కన, ట్యాగు కింద ఉన్నాయి.

ఎవరైనా నవ్వుతారు, ఒక అట్టముక్క కోసం ఇంతా అని. నియమం ప్రకారం ఇద్దరుండాలి. రెండో మనిషిగా మరదలు తప్ప మరొకరు పనికిరారు. నీ భర్త కట్టిన ముడి విప్పుదాం రమ్మని ఆమెను పిలవడానికి నాకు నోరు రాలేదు. ఇంకో భయం కూడా ఉంది. విప్పి పెట్టినా లాప్‌టాప్ గుర్తుపట్టకపోతే? ట్యాగు ఉన్నంతవరకూ పని జరుగుతున్నట్టే.

చివరికి మరదలే వచ్చింది. ఒక సాయంత్రం, అతను వచ్చే వేళకే. మావారి గదిలోకి తొంగిచూసి, ఖాళీ కుర్చీని చూసి, హాల్లోకి వచ్చేసింది. అర వైపు చూసింది.

“ఇంకా అలగే ఉంచీసేరేటి వదినా?”

“ఒక్కదాన్నే ఎలా విప్పను?”

ఆమె కొంగు దోపుకొని, “లాప్‌టాప్ తీయండి,” అంది.

బల్ల దగ్గర కూచున్నాం. రెండు తలల తీగ తెచ్చాను. కొత్త పెట్టె వెండిరంగుది. పాత నల్లడబ్బాను వదల్లేక దాన్ని కూడా కలిపే కట్టాడు అతను. రాగితీగ మూడుచుట్లు తిరిగి, కొస లోపలికి మడిచి ఉంది, గుచ్చుకోకుండా. మరదలు గోటితో కొస పైకి లేపింది. ఒక్కో చుట్టూ నెమ్మదిగా విప్పింది. అట్టను కళ్లకి దగ్గరగా పెట్టుకొని సంతకం చూసి, నా చేతిలో పెట్టింది. సాక్షిని కాబట్టి నేను చూశాను. మొదటి గడిలో తేదీ ఉంది. రెండోది ఖాళీ.

తీగను పెట్టెకి గుచ్చాను. రెండు తలలనూ లాప్‌టాప్ దగ్గరికి తెచ్చాను.

“ఆగండి,” అంది మరదలు. “కేక వెయ్యాలి కదా.”

“వెయ్యి.”

ఆమె మొహం ఎర్రబడింది. జన్మంతా ఎగతాళి చేసిన కేక అది. “కోయీ హై,” అంది, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

“అలా కాదు. అతను అరిచేవాడు.”

“నాకు సిగ్గేస్తాది వదినా.”

“గట్టిగా వెయ్యి.”

ఆమె లేచి నిలబడింది. రెండుచేతులూ నోటి చుట్టూ దొప్పలా పెట్టుకుంది, సరిగ్గా అతనిలా. వీధివాకిలి దాకా వినపడేలా అరిచింది.

“కోయీ హై?”

కిటికీ మీది పావురం ఎగిరిపోయింది. మరదలు చేతులు దించుకొని నావైపు చూసింది, ఇక పెట్టెయ్యమన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. ఆగాలి. లోపలివాడు చేతిలోది కింద పెట్టి, తలెత్తి, గొంతు సర్దుకునేంత.

లోపలి గదిలోంచి జవాబు వచ్చింది. గొంతు బొంగురుగా, నోరు ఒకపక్కే తెరుచుకున్నట్టు, అయినా అదే మాట.

“హై!”

మరదలు నా భుజం పట్టుకుంది. నా వేళ్ల మధ్య తీగ తలలు లాప్‌టాప్‌కి బెత్తెడు దూరంలో ఉన్నాయి. జవాబు వస్తే కరెంటు ఇవ్వకూడదు. తీగను బల్ల మీద పెట్టేశాను. మరదలు నా చేతిలోంచి ట్యాగు తీసుకుంది. రాగితీగను మళ్లీ మూడుచుట్లు తిప్పి, కొసను లోపలికి మడిచింది.

లోపల మనిషి ఉన్నాడు.